శ్రమ దినాల్లో తగ్గిన దురద

మా ఇంట్లో ఒకే దురదకి రెండు పేర్లుండేవి. నాకు వస్తే దాని పేరు వేడి. మా ఆయనకి వస్తే దాని పేరు మిరప ఘాటు. రెండూ ఒకటే అయి ఉండొచ్చన్న ఆలోచన చాలాకాలం ఇద్దరిలో ఎవరికీ రాలేదు. వచ్చాక మాత్రం, రాకపోయినా బాగుండేదే అనిపించింది.

మేం జగ్గయ్యపేటలో ఉంటాం. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. మా ఆయన నందిగామ వెళ్లే దారిలో మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. అమ్మాయి బెజవాడ హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఇంట్లో మేమిద్దరం, మా అత్తయ్య. సీజన్లో ఆయన గుమ్మంలో అడుగు పెడితే ముందు అత్తయ్య తుమ్ముతుంది, తర్వాత నేను తుమ్ముతాను. ఆయన బట్టలు వేరే బకెట్లో నానబెడతాను. మిరప మీద బతికేవాళ్లకి ఒంటికి ఏమొచ్చినా కారణం వెతుక్కునే పనుండదు. కళ్లు మండితే మిరప, దగ్గొస్తే మిరప, చేతులు మండితే మిరప. అక్కడ దురద పెట్టినా మిరపే అని ఆయన అనుకున్నారు. బస్తాలు ముట్టుకున్న చేత్తో మూత్రానికి వెళ్లానేమోలే అన్నారు. నేనూ నమ్మాను. నమ్మకపోవడానికి ఏముంది?

నాకు క్రిస్మస్ వెళ్లాక మొదలైంది. మొదట కొద్దిగానే ఉండేది. సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచేసరికి క్లాసులో నిలబడలేని స్థితికి వచ్చింది. విరిగిన పాలముక్కల్లాగా తెల్లబట్ట, మూత్రానికి వెళ్తే మంట. బోర్డు వైపు తిరిగి బొమ్మ గీస్తూ పళ్లు బిగపట్టేదాన్ని. పిల్లలు నాకు కోపం వచ్చిందనుకుని నిశ్శబ్దంగా కూర్చునేవాళ్లు. ఆ ఏడాది నా క్లాసులో ఉన్నంత క్రమశిక్షణ ఎన్నడూ లేదు.

అత్తయ్యకి ఎంత దాచినా తెలిసిపోతుంది. బాత్‌రూమ్‌కి నేనెన్నిసార్లు వెళ్తున్నానో ఆవిడ చూడనట్టే చూస్తుంది.

“వేడి చేసిందమ్మాయ్,” అంది. “పొద్దస్తమానం నిలబడి అరుస్తావు, బళ్లో మంచినీళ్లు తాగవు. చలవ చెయ్యాలి.”

మంచినీళ్ల మాట నిజమే. మా బళ్లో టీచర్ల బాత్‌రూమ్ తలుపుకి గడియ సరిగ్గా పడదు కాబట్టి ఆడ టీచర్లెవరం నీళ్లు ఎక్కువ తాగం. ఆ లోటు అంతా అత్తయ్య ఇంట్లో పూడ్చింది. పొద్దున్నే సబ్జా గింజలు నానబెట్టిన నీళ్లు, అందులో పటికబెల్లం. బడి నుంచి రాగానే బార్లీ, అందులో పటికబెల్లం. కొబ్బరిబొండాం తెస్తే అందులో కూడా ఓ చిన్న ముక్క వేసేది. కొబ్బరినీళ్లు తియ్యగానే ఉంటాయి కదా అత్తయ్యా అంటే, “తీపి కోసం కాదే, చలవకి,” అనేది. తాగినప్పుడు నిజంగానే గొంతు చల్లబడేది. కింద మాత్రం ఏ తేడా ఉండేది కాదు.

మా వీధి చివర మెడికల్ షాపుకి వెళ్లి, మా బళ్లో ఆయమ్మకి బాగోలేదని చెప్పి మందడిగాను. షాపతను నా మొహం చూడకుండా మాత్ర ఇచ్చాడు. ఆయమ్మకి అబద్ధంతో తగిలించిన జబ్బు నాకు వారం తగ్గి మళ్లీ వచ్చింది. మా ఆయన కూడా అదే షాపులో ఒక ట్యూబు కొనుక్కున్నారని తర్వాత తెలిసింది. ఆయనెవరి పేరు చెప్పారో మరి!

అప్పుడు ఫోన్లో వెతికాను. అక్కడే నా బుర్ర చెడింది. ఒకచోట ఇది భార్యాభర్తల మధ్య ఒకరి నుంచి ఒకరికి వస్తుందని ఉంది. ఇంకోచోట ఇది సుఖవ్యాధి కాదని ఉంది. మరోచోట ఎవరికైనా ఎప్పుడైనా దానంతటదే రావచ్చని ఉంది. ఆ కింద పెళ్లికి ముందు తప్పులు చేసినవాళ్లు ఫలానా వైద్యుణ్ని కలవాలని ప్రకటన. చదివినకొద్దీ నాకు తెలిసింది తగ్గుతూ వచ్చింది. జబ్బు పేరు ఒక్కటే తేటగా అర్థమైంది. ఈస్ట్.

ఆ పేరు చూసి నవ్వొచ్చింది కూడా. ప్రతి ఏడాదీ ఎనిమిదో తరగతికి ఈస్ట్ పాఠం చెప్పేది నేనే. రెండు సీసాల్లో గోరువెచ్చని నీళ్లు పోసి ఈస్ట్ కలుపుతాను. ఒకదానిలో మాత్రం పంచదార వేస్తాను. రెండింటి మూతులకీ బుడగలు తొడుగుతాను. కాసేపటికి పంచదార ఉన్న సీసా మీది బుడగ నిక్కబొడుచుకుంటుంది, రెండోది వేలాడుతూ ఉంటుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. బేకరీ ఈస్టూ నా ఒంట్లో ఈస్టూ ఒకటి కాదుగానీ, చుట్టాలే. చుట్టమని తెలిసీ దాని తిండి గురించి నాకు తట్టలేదు. నా ధ్యాసంతా ‘ఒకరి నుంచి ఒకరికి’ అన్న మాట మీదే ఉంది.

ఒకరి నుంచి ఒకరికి వచ్చేదైతే ఎవరి నుంచి ఎవరికి? నేనెక్కడికీ పోలేదు, ఆ సంగతి నాకు తెలుసు. ఇక మిగిలింది ఆయన.

ఇలా అనుకున్న రోజు నుంచి ఇంట్లో ప్రతిదీ సాక్ష్యంలా కనబడటం మొదలైంది. ముఖ్యంగా ఒక స్టీలు డబ్బా. అది మాది కాదు, ఓ సాయంత్రం ఆయన సంచిలో వచ్చింది. అందులో పండుమిర్చి పచ్చడి. ఎవరిచ్చారంటే, ఆఫీసులో కంప్యూటర్ దగ్గర కూర్చునే ఆవిడ అందరికీ తెచ్చిందన్నారు. ఆవిణ్ని నేనొకసారి చూశాను. ఆకుపచ్చ చున్నీ, ఫోన్లో మాట్లాడుతూ గట్టిగా నవ్వుతోంది. నన్ను చూసి లేచి నిలబడి “రండి మేడమ్” అని కుర్చీ వేసింది. అప్పుడు మర్యాదగా తోచింది. ఇప్పుడు అదే తలుచుకుంటే, నాకు కుర్చీ వేయాల్సినంత అవసరం ఆవిడకేమొచ్చింది అనిపించింది. పచ్చడి అయిపోయింది. నేనూ అన్నంలో కలుపుకున్నాను, చాలా బాగుంది, నా కోపానికి అది కూడా ఒక కారణం. డబ్బా మాత్రం తిరిగి ఇవ్వకుండా, కడిగి, అల్మరాలో వెనక్కి తోసి పెట్టాను. ఎందుకో అప్పుడు నాకే తెలియదు.

ఇంతలో శ్రమ దినాలు వచ్చాయి. గుడ్‌ఫ్రైడేకి ముందు మా చర్చి సంఘంలో ఆ నలభై రోజులూ ఎవరికి తోచింది వాళ్లు వదులుకుంటారు. కొందరు మాంసం, కొందరు టీ. మా పక్కింటాయన ఏటా సిగరెట్లు వదిలి ఈస్టర్ మధ్యాహ్నానికి మళ్లీ అందుకుంటారు. పాస్టరమ్మ గారు స్త్రీల కూటంలో, దంపతులు ఇద్దరూ ఒప్పుకుంటే ఆ రోజుల్లో విడిగా ఉండి ప్రార్థనలో గడపొచ్చనీ, ఒకరే తీర్మానించకూడదనీ చెప్పారు. నాకు దారి దొరికినట్టయింది. నేను టీ, స్వీట్లు, మాంసం మానేస్తానన్నాను. మధ్యాహ్నం దాకా ఉపవాసం అన్నాను. అత్తయ్య పటికబెల్లం నీళ్లు కూడా వద్దన్నాను. ఆవిడకి అది నచ్చలేదుగానీ, భక్తికి ఎదురు చెప్పలేక ఊరుకుంది. ఆఖర్న ఆయనతో విడిగా పడుకుందామా అన్నాను.

మాట పూర్తి కాకముందే “సరే” అన్నారు. “మంచిదేగా” అని కూడా అన్నారు. చాపా దిండూ తీసుకుని హాల్లోకి వెళ్లిపోయారు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఈ మనిషి దేనికీ ఒక్క మాటకే ఒప్పుకున్నది లేదు. కొత్త కుక్కర్ కొందామంటే ఆర్నెల్లు ఆలోచించారు. అలాంటిది భార్యని వదిలి చాప మీద పడుకోవడానికి అర నిమిషం పట్టలేదు. నిప్పు లేనిదే పొగ రాదు అనుకున్నాను. ఆ రాత్రి ప్రార్థనలో నేను దేవుణ్ని ఏమడిగానో చెప్పుకోవడం కష్టం. నా జబ్బు తగ్గించమని అడిగానో, నా అనుమానం నిజం కావద్దని అడిగానో, నిజమే అయితే ఋజువు చూపించమని అడిగానో, మూడూ కలిసిపోయాయి.

దేవుడు మొదటిది విన్నాడు. ఏ మందూ వాడకుండానే దురద తగ్గుతూ వచ్చింది. ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టల ఆదివారం నాటికి నాకసలు జబ్బంటూ ఉండేదన్న సంగతే మర్చిపోయాను. మా సంఘం గుడిలో మట్టలు పట్టుకుని నిలబడి స్తోత్రం చెబుతూ ఉంటే ఉన్నట్టుండి తట్టింది. ఆయనకి దూరంగా ఉంటే తగ్గింది! ఇంతకంటే ఋజువేం కావాలి? పక్క వరసలో ఆయన తెల్లచొక్కా వేసుకుని కళ్లు మూసుకుని పాడుతున్నారు. ఆయన మెడ వెనక చెమట కారుతోంది. చేతిరుమాలు ఇద్దామా వద్దా అని ఆలోచించాను. ఇన్నేళ్లలో మొదటిసారి అది ఆలోచించాల్సిన విషయమైంది.

ఈస్టర్ వచ్చింది. తెల్లవారుజామున ఆరాధన, ఇంటికొచ్చాక కేకు, మధ్యాహ్నం బిర్యానీ, అత్తయ్య చేసిన పాయసం. “నలభై రోజులు ఎండిపోయావు, తాగు,” అని పటికబెల్లం నీళ్లు మళ్లీ మొదలు. ఎండాకాలం కూడా కావడంతో పూటకి రెండు గ్లాసులు. మా ఆయన చాప చుట్టేసి గదిలోకి వచ్చారు. వచ్చారేగానీ కొత్తగా వచ్చిన చుట్టంలా మంచం అంచున పడుకున్నారు. తర్వాత కొద్ది రోజులకి మేం మామూలు మొగుడూపెళ్లాలమయ్యాం. ఇంకొద్ది రోజులకి నాకు దురద మొదలైంది. ఆ వెనకే ఆయనకీ మొదలైంది.

ఈసారి నాకు మిరప మాట కూడా మిగల్లేదు. బస్తాలన్నీ లోపలికి వెళ్లిపోయాయి, ఆయన కుర్చీలో కూర్చుని గేటు పాసులు రాసే రోజులు. ఇంకా ఘాటేంటి? అడిగితే ఆయన దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నారు.

అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ‘మీరు ఎవరి దగ్గరికి వెళ్లారు?’ వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ ఆ ప్రశ్నని లోపల వందరకాలుగా పలికి చూసుకున్నాను. మెత్తగా అడిగినా అది అదే ప్రశ్న. వెళ్లానంటే నా సంసారం అక్కడితో అయిపోతుంది, అమ్మాయికి ఏం చెప్పుకోవాలి? వెళ్లలేదంటే నేను నమ్ముతానా? నమ్మకపోతే, ఆ అనుమానంతో ఆయన పక్కన ఎన్నాళ్లు పడుకోవాలి? ఒకసారి నోట్లోంచి బయటపడితే దాన్ని మళ్లీ లోపలికి తీసుకోలేను. భయమేసింది. ఆయన మీద కోపం కన్నా ఆ ప్రశ్నంటే భయమే ఎక్కువైంది.

ముందు డాక్టర్‌ని అడుగుదామనుకున్నాను. పేటలో లేడీ డాక్టర్ ఉన్నారుగానీ, ఆవిడ దగ్గర చీటీలు రాసే అమ్మాయి మా సంఘమే. ఆ అమ్మాయి మంచిదే, చిక్కంతా ఆ మంచితనంతోనే. నేను ఆ గుమ్మం ఎక్కితే ఆదివారం ప్రార్థన మనవుల్లో ‘మన టీచరమ్మ గారి అనారోగ్యం నిమిత్తం’ అని మైకులో వస్తుంది. ఆరాధన అయ్యాక ఒక్కొక్కరే వచ్చి ఏం అనారోగ్యం అని అడుగుతారు. కాబట్టి బట్టలు కొనుక్కొస్తానని చెప్పి నందిగామ బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. సీటు రెక్సిన్ కాలిపోతోంది. ఆ దురదతో ఆ సీటు మీద చేసిన ప్రయాణం గురించి ఇంక చెప్పను.

నందిగామలో ఆ ఆస్పత్రి మొగుడూపెళ్లాలది. ఆవిడ ఆడవాళ్ల డాక్టరు, ఆయన పక్క గదిలో మామూలు జబ్బులు చూస్తారు. ఆవిడ ముందు కూర్చున్నాక నాకు మాట రాలేదు. పాఠంలో ఉన్న మాట ఒకటుంది. దాన్ని క్లాసులో కూడా పిల్లల్ని చదువుకోమని చెప్పి పేజీ తిప్పేస్తాను. ఇంట్లో వాడే మాట డాక్టర్ ముందు అనలేం. “అక్కడండి” అన్నాను.

“దురదా? తెల్లబట్ట పెరుగులాగా అవుతోందా?” అంది ఆవిడ, ఏదో కూరగాయల ధర అడిగినంత మామూలుగా. ప్రాణం లేచొచ్చింది. పరీక్ష చేసింది. ఈస్టేనంది. ఎన్నాళ్ల నుంచి, ఎన్నిసార్లు అని అడిగింది. చెప్పాను.

“మధ్యలో పూర్తిగా తగ్గిందండి. శ్రమ దినాల్లో.”

“అప్పుడేం మందు వాడారు?”

“ఏం వాడలేదండి. మావారు హాల్లో పడుకున్నారు.”

ఆవిడ రాసేది ఆపి నా వైపు చూసింది. “ఆయనకి దురదగానీ ఎరుపుగానీ ఉందా?”

“మిరప ఘాటంటారండి.”

నవ్వాపుకోవడానికి కాబోలు తల దించుకుంది. “రేపు ఆయన్ని కూడా తీసుకురండి. మీరు పరగడుపున రండి, రక్తం చూద్దాం,” అంది. రక్తం మాట నేను పెద్దగా పట్టించుకోలేదు. డాక్టర్లు ఎలాగూ రక్తం చూస్తారు. ఆయన్ని రమ్మంది అన్నదొక్కటే బుర్రలో తిరిగింది. బట్టలు కొనడం కూడా మర్చిపోయి ఒట్టి చేతులతో ఇంటికొచ్చాను.

సాయంత్రం ఆయన పెరట్లో కాళ్లు కడుక్కుంటూ ఉండగా చెప్పాను. “నందిగామలో డాక్టర్‌కి చూపించుకున్నా. మిమ్మల్ని కూడా రమ్మంది.”

చెంబు ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది. “నన్నా? నేనెందుకు? నాకేమైంది?”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది అనుకున్నాను. ఆ క్షణంలో ప్రశ్న నోటి చివరిదాకా వచ్చింది. ఆయన మొహం చూశాను. తెల్లగా పాలిపోయింది. తప్పు చేసిన మొహమేనా అది? మా అమ్మాయి పుట్టేటప్పుడు ఆపరేషన్ గది బయట నిలబడ్డ మొహం కూడా సరిగ్గా అలాగే ఉంది, అప్పుడేం తప్పు చేశారని? నాకు ఏమీ పోల్చుకోవడం రాలేదు. “పొద్దున్నే వెళ్దాం,” అని మాత్రం అన్నాను. ఆయన సరేనన్నారు. ఆ రాత్రి ఇద్దరం ఒకరి వైపొకరం వీపులు పెట్టి పడుకున్నాం.

పొద్దున బండి మీద బయల్దేరాం. హైవే మీద లారీలు పక్కనుంచి పోతూ ఉంటే మామూలుగా ఆయన భుజం పట్టుకుంటాను. ఆ రోజు వెనక ఇనుప కడ్డీ పట్టుకున్నాను. ఆయన ఒక్కసారి అద్దంలో చూశారు.

ఆస్పత్రిలో నాకు రక్తం తీశారు. ఆయన్ని పక్కగదిలో మగ డాక్టర్ చూశారు, వేలు పొడిచి రక్తం కూడా చూశారు. బయటికొచ్చి నా పక్కన కుర్చీలో కూర్చుని, “ఆ ట్యూబు అవతల పారేయమన్నాడు. దానివల్ల ఇంకా ఎక్కువవుద్దంట,” అన్నారు. అప్పటిదాకా ఆ ట్యూబు సంగతి నాకు చెప్పలేదన్నది ఆయనకి గుర్తు లేదు. కాసేపటికి ఇద్దర్నీ ఆవిడ గదిలోకి పిలిచారు.

“షుగరుంది మీకు,” అంది డాక్టర్ నా వైపు తిరిగి. “చాలా నెలల నుంచే ఉండి ఉంటుంది. ఆయనకీ చూశాం, ఆయనకి లేదు.”

“మా ఇంట్లో ఎవరికీ లేదండి,” అన్నాను. జబ్బేదైనా ముందు అదే అంటాం కదా.

“శ్రమ దినాల్లో ఏం తిన్నారు?”

టీ మానేశానని, స్వీట్లు మానేశానని, మధ్యాహ్నం దాకా ఉపవాసమని చెప్పాను. అత్తయ్య పటికబెల్లం నీళ్ల సంగతి చెప్పాను. ఎన్ని గ్లాసులని అడిగి, విని, కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది.

“ఒంట్లో చక్కెర పెరిగితే ఈస్ట్ పెరుగుతుందమ్మా. మీరు తీపి మానేశారు, అది తగ్గింది. మళ్లీ మొదలుపెట్టారు, అదీ మొదలుపెట్టింది. పాపం ఆయన్ని హాల్లో పడుకోబెట్టారు.”

రెండు సీసాలు కళ్ల ముందు కనబడ్డాయి. పిల్లలకి ప్రతిసారీ చెప్పేది ఒకటే. ఏ ప్రయోగంలోనైనా ఒక్కదాన్నే మార్చి చూడండ్రా, రెండు మార్చారంటే దేనివల్ల ఏమైందో తెలియదు. నేను తీపినీ మొగుణ్నీ ఒకేసారి మానేసి, దురద తగ్గిన పుణ్యం మొగుడి ఖాతాలో వేశాను.

“మరి ఒకరి నుంచి ఒకరికి అంటారు కదండీ?” అన్నాను. ఆయన వైపు చూడకుండా అడిగాను.

“అంటుకోవచ్చు. మీ దగ్గర్నుంచి ఆయనకి వచ్చి ఉంటుంది. ఆయన దగ్గర్నుంచి కొంత మళ్లీ మీకూ వచ్చి ఉండొచ్చు, అది గట్టిగా చెప్పలేం. ఆయనకి దురదుంది కాబట్టి ఆయనా మందు వాడాలి. ఇద్దరికీ తగ్గేదాకా దూరంగా ఉండండి. కానీ ఇది అందరి ఒంట్లోనూ కొంచెం ఉండేదే. ఎవరో బయట నుంచి తేనక్కర్లేదు. ఎవరూ ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు.”

మా ఆయన ఊపిరి వదిలారు. ఎంత గట్టిగా అంటే డాక్టర్ బల్లమీది కాగితం కదిలింది. నాకు మళ్లీ మతి పోయింది. అది ఏ ఊపిరి? నింద తప్పినవాడిదా, తప్పించుకున్నవాడిదా? డాక్టర్ చెప్పిందాన్ని బట్టి చూస్తే నింద వేయడానికే ఏమీ లేదు. మరి ఈయనకి అంత బరువెక్కడిది?

తిరిగొచ్చేటప్పుడు చిల్లకల్లు టోల్‌గేట్ దాటాక టీ కొట్టు దగ్గర బండి ఆపారు. “రెండు టీ. ఒకటి పంచదార లేకుండా,” అన్నారు కొట్టతనితో. నా గురించి ఆ మాట మొదటిసారి వినడం. ఏడుపొచ్చింది. చప్పటి టీ చేతిలో పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను.

“ఒక మాట చెప్తే కోప్పడవుగా?” అన్నారు.

ఇప్పుడు చెప్పేస్తారు అనుకున్నాను.

“విడిగా పడుకుందామన్నావు చూడు. అప్పుడే నాకు గట్టిగా అనిపించింది.”

“ఏమని?”

“ఏదో ఉందని. నీకొచ్చాకేగా నాకొచ్చింది. నేనెక్కడికీ పోలా. మరి ఎక్కణ్నుంచి వచ్చినట్టు? రోజూ అదే అనుకునేవాణ్ని. నువ్వే దూరంగా ఉందామనేసరికి, ఇంకెవరో ఉన్నారనుకున్నా. అందుకే వెంటనే సరేనన్నా. నీ పక్కన పడుకుంటే అడిగేస్తానేమోనని భయమేసింది.”

‘నేనెక్కడికీ పోలా.’ నా మాటే అది, ఆయన నోట్లోంచి వచ్చింది. ఇన్ని నెలలూ మా ఇంట్లో ఒకే ఒక్క ముద్దాయి ఉన్నాడనుకున్నాను. న్యాయమూర్తిని నేనే అనుకున్నాను. నేను పక్క బోనులో నిలబడి ఉన్నానని కలలో కూడా అనుకోలేదు. కోపం తన్నుకొచ్చింది.

“నా మీదా? బడీ, ఇల్లూ, గుడీ తప్ప నాకేముంది? నా మీద ఎలా అనుకున్నారు మీరు?”

“అనుకోబుద్ధయి అనుకున్నానా!”

“ఎవరితో అనుకున్నారు?”

ఆయన టీ గ్లాసులోకి చూశారు. నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నట్టు చూశారు. “ఎవరూ తట్టలా,” అన్నారు. “మీ హెడ్మాస్టర్ని అనుకుందామని చూశా. ఆ పెద్దాయన మెట్లెక్కితేనే ఆయాసపడతాడు. ఇంకెవర్ని పెట్టి చూసినా కుదర్లా. ఒక్క మొహం కూడా రాలా. అందుకే అడగలేకపోయా.”

ఒక్క మొహం కూడా రాలేదట. సంతోషించాలో ఏడవాలో అర్థం కాలేదు. అది నా మీద నమ్మకమా, నన్నింకెవరూ కన్నెత్తి చూడరన్న ధీమానా? “ఇంత ఊళ్లో ఒక్క మగాడు దొరకలేదా మీకు?” అన్నాను. అనేశాక అదేం మాటో నాకే తెలియలేదు. ఆయన నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లున్నాయి, టీ చల్లారిపోయింది.

“నువ్వూ అనుకున్నావుగా?” అన్నారు నెమ్మదిగా. “నీకెవరు తట్టారు?”

ఆకుపచ్చ చున్నీ, గట్టి నవ్వు, రండి మేడమ్ అని వేసిన కుర్చీ, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. ఆయనకి ఒక్క మొహం కూడా రాలేదు. నాకు మొహమే కాదు, చెవుల కమ్మలు కూడా గుర్తున్నాయి.

“నాకూ ఎవరూ తట్టలేదండి,” అన్నాను. అక్కణ్నుంచి బండి మీద ఆయన భుజం పట్టుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చాక అత్తయ్యకి షుగర్ సంగతి చెప్పాను, తక్కినవి చెప్పలేదు. ఆవిడ పటికబెల్లం సీసా వైపు చూసింది. “చలవే కదా అనుకున్నా,” అంది. ఆవిణ్ని చూస్తే జాలేసింది.

మర్నాడు పొద్దున అల్మరా వెనకనుంచి ఆ స్టీలు డబ్బా తీశాను. ఎవరి డబ్బా అయినా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు, పిడికెడు పంచదారైనా వేసి పంపాలి. మా అమ్మ నేర్పింది అదే, అత్తయ్యదీ అదే మాట. సీసాలో పటికబెల్లం ఇంకా చాలా ఉంది. మొత్తం అందులో పోశాను. మూత సరిగ్గా పట్టలేదు, నొక్కి పెట్టాను. ఆవిడకి నేను క్షమాపణ పంపుతున్నానో, నా పీడ పంపుతున్నానో తేల్చుకోలేకపోయాను.

“ఇది మీ ఆఫీసులో ఆవిడకి ఇచ్చేయండి. పచ్చడి బాగుందని చెప్పండి,” అన్నాను.

“ఎప్పటి డబ్బా ఇది! ఇన్నాళ్లు ఇంట్లోనే ఉందా?” అంటూ అందుకున్నారు. బరువుకి చెయ్యి కిందికి వంగింది. మూత తీసి చూశారు. నిండా పటికబెల్లం. డబ్బా వైపు చూశారు, అల్మరా వైపు చూశారు, నా వైపు చూశారు.

“ఆవిడా?” అన్నారు.

“బయల్దేరండి, ఎండెక్కుతోంది,” అన్నాను.